గురకతో వేరైన పడకలు... నిద్రమాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 44. ఎత్తు ఐదున్నర అడుగులు, బరువు 92 కిలోలు. కరీంనగర్‌లో హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించి ఇంటికొస్తాను. వారంలో నాలుగైదు రోజులు రెండు పెగ్గులు తీసుకుని పదిన్నరకు భోజనం చేస్తాను. ఆ తర్వాత పన్నెండు దాకా ఫోన్ చూస్తాను. నా గురక భరించలేక మా ఆవిడ ఏడాదిగా పాపతో వేరే గదిలో పడుకుంటోంది. పొద్దున తలనొప్పి, మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గరే కునుకుపాట్లు. చిన్న మాటకే ఇంట్లో అరుస్తున్నాను. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తున్నాను కానీ షుగర్ లేదని తేలింది. ఈ మధ్యే బీపీ మాత్ర మొదలైంది. మంచి నిద్రమాత్ర ఏదైనా చెప్పగలరు.

జవాబు: దయచేసి నిద్రమాత్ర వేసుకోకండి. నిద్ర పట్టడం లేదని మీరు ఎక్కడా రాయలేదు; పడుకున్నా నిద్ర తీరడం లేదన్నదే మీ బాధ. మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే స్లీప్ ఆప్నియా అనే జబ్బును బలంగా అనుమానించాలి. ఇందులో నిద్రపోగానే గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు ఊపిరి ఆగి, రక్తంలో ఆక్సిజన్ తగ్గితే, మెదడు మిమ్మల్ని తట్టి లేపుతుంది. ఆ మెలకువ మీకు గుర్తుండదు కానీ నిద్ర ముక్కలైపోతుంది. పొద్దుటి తలనొప్పికి, పగటి కునుకుకు, బీపీకి ఇదే కారణం కావచ్చు. రాత్రి మూత్రానికి లేవడం కూడా ఇందులో భాగమే: మూసుకున్న గొంతుతో గాలి పీల్చడానికి పెనుగులాడేటప్పుడు ఛాతీలో ఒత్తిడి మారి, గుండె గదులు సాగి, ఉప్పును, నీటిని బయటకు పంపే హార్మోన్‌ను విడుదల చేస్తాయి.

గొంతు కండరాలను మరింత సడలించి, ఊపిరి ఆగినప్పుడు మెలకువ రాకుండా ఆలస్యం చేసే గుణం కొన్ని నిద్రమాత్రలకు ఉంది. మద్యం చేసేదీ అదే పని. రెండు పెగ్గులు వేస్తే త్వరగా కన్ను మూతపడే మాట నిజమే, కానీ రాత్రి రెండో సగంలో ఆ నిద్ర చెదిరిపోతుంది. అందుకే నేను ముందుగా మార్చమనేది పెగ్గునే. రెండు వారాలు పూర్తిగా మానేసి తేడా మీరే గమనించండి. మానిన రెండు మూడు రోజుల్లో చేతులు వణికినా, చెమటలు పోసినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. భోజనానికి ఇంటికి చేరేదాకా ఆగకుండా ఎనిమిదింటికే దుకాణానికి క్యారియర్ తెప్పించుకోవచ్చు. వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోండి. ఫోన్ సంగతి వీటి తర్వాతే. అయినా రోజూ గంటకు పైగా నిద్ర అక్కడే పోతోంది.

ఈ జబ్బుకు సాక్షి రోగి కాదు, పక్కన పడుకునే మనిషి. నా గదిలో భర్త "నేను గురక పెట్టనండీ" అంటుంటే, వెనక కుర్చీలోని భార్య నవ్వు ఆపుకోవడం నాకు మామూలే. మీ విషయంలో ఆ సాక్షి ఏడాది కిందటే గది మారిపోయారు. ఒక రాత్రి అరగంట మీ పక్కన కూర్చోమని ఆమెను అడగండి. గురక మధ్యలో ఉన్నట్టుండి నిశ్శబ్దం, ఆపై ఉలిక్కిపడినట్టు ఎగశ్వాస వినిపిస్తుంటే ఫోన్‌లో వీడియో తీయమనండి. డాక్టరుకు అది ఎంతో ఉపయోగపడుతుంది.

ఇక కోపం. మీ అరుపులన్నింటికీ జబ్బే కారణమని నేను రాసివ్వలేను, కానీ నెలల తరబడి నిద్ర చాలని మనిషికి చిన్న మాట కూడా పెద్దగా తగులుతుంది. లైంగికాసక్తి తగ్గడమూ ఈ జబ్బులో ఉండేదే. మీరు రాయకపోయినా డాక్టరు దగ్గర దాచకండి. తనను పట్టించుకోవడం లేదని మీ శ్రీమతి, ఆమె మిమ్మల్ని వదిలి వెళ్లిపోయిందని మీరు అనుకుంటూ ఉండి ఉంటే, వైద్యుడి ముందు ఇద్దరూ కలిసి కూర్చోవడం మంచిది.

పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల నిపుణుణ్ణి) గానీ, చెవి ముక్కు గొంతు నిపుణుణ్ణి గానీ కలిసి నిద్ర పరీక్ష చేయించుకోండి. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం గంటకు సగటున ఎన్నిసార్లు జరుగుతోందో అందులో లెక్కిస్తారు: 5 నుంచి 14 వరకు తక్కువ స్థాయి, 15 నుంచి 29 వరకు మధ్యస్థం, 30 చేరితే తీవ్రం. అవసరమైతే రాత్రి మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రం ఇస్తారు. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివన్ ప్రపంచానికి పరిచయం చేసిన చికిత్స ఇది. భార్య ముందు మాస్కు పెట్టుకోవడానికి చాలామంది మొహమాటపడతారు కానీ ఆ యంత్రం చేసే సన్నని చప్పుడు మీ గురక ముందు ఏపాటిది? ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే మీ బీఎంఐ 33కు దగ్గరగా ఉంది. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయంగా చూస్తాం. తొమ్మిది కిలోలు తగ్గినా ఊపిరి ఆగడం తగ్గే అవకాశం ఉంది. బీపీ మాత్ర ఆపకండి. అది రాసిన డాక్టరుకు గురక సంగతి చెప్పండి.

పరీక్ష జరిగి చికిత్స కుదిరేదాకా సరుకు కోసం హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే బండి మీరు నడపకండి. బస్సులో వెళ్లండి.