సమాధానం: న్యూజెర్సీలో మన బాధ వినేవాళ్లు ఎవరున్నారు?

భర్త కొడుతుంటే బయటికొచ్చేశానని, ఉన్నది భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసా మీదనని, అత్తగారి సాధింపులు ఇంగ్లీషులో చెప్పుకోలేక కౌన్సెలింగ్ మానేశానని రాశారు. రాత్రిళ్లు నిద్ర లేకపోవడం, తలుపు చప్పుడుకే ఉలిక్కిపడటం ఇంత జరిగాక ఉండేవే. మీకు పిచ్చేమీ పట్టలేదు.

ముందు ‘మానవి’కి ఫోన్ చేయండి. దక్షిణాసియా ఆడవాళ్ల కోసం 1985లో న్యూజెర్సీలోనే మొదలైన సంస్థ. పక్కనే న్యూయార్క్‌లో ‘సఖి’ ఉంది, 1989 నుంచి. పుట్టింటివాళ్లే “సర్దుకుపో అమ్మా” అంటే ఎలా ఉంటుందో వీళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. తెలుగు వచ్చినవాళ్లు కావాలని మొహమాటపడకుండా అడగండి. సపోర్ట్ గ్రూప్ గురించీ అడగండి. మొదటిరోజు నోరు విప్పకుండా విని వచ్చేసినా ఫర్వాలేదు. అన్నట్టు, ఆయన ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్న ఫోన్ నుంచి మాత్రం చేయొద్దు, చేసిన నంబర్లు ఆయనకి తెలిసిపోవచ్చు.

తెలుగు సంఘం పెద్దల్ని మధ్యలోకి తేవద్దనే నా సలహా. పంచాయితీ పెట్టి మళ్లీ ఆ ఇంటికే పంపేవాళ్లే ఎక్కువ.

వీసా సంగతి: హింసకు గురైన హెచ్-4 భార్యలు ఐ-765వి ఫారంతో సొంతంగా వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. పోలీసు కేసు ఉంటే, నేరాల బాధితులకిచ్చే యూ వీసా దారీ ఉండొచ్చు. విడాకులైతే హెచ్-4 పోతుంది, కాబట్టి ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి. లాయర్‌ని చూసిపెట్టమని మానవి వాళ్లనే అడగండి.

అర్ధరాత్రి భయమేస్తే జాతీయ హెల్ప్‌లైన్ 1-800-799-7233. ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు. ప్రాణాపాయమైతే నేరుగా 911.