మోకాలి పక్కన ఒకేచోట నొప్పి.. ఎక్స్‌రేలో ఏమీ లేదంటున్నారు!

ప్రశ్న: మా అమ్మకు 46 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే పనికి వెళ్తుంది. నాలుగేళ్లుగా ఎడమ మోకాలి పక్కన ఒకేచోట నొప్పి. చీర అంచు తగిలినా, చన్నీళ్లు పడినా విలవిల్లాడిపోతుంది. రెండు ఎక్స్‌రేలూ బాగానే ఉన్నాయన్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు రోజూ రెండు వేసుకుంటోంది. వంకాయ, బంగాళాదుంప మానేయాలా? మోకాలి మార్పిడి చేయించాలా?

జవాబు: నాలుగేళ్లుగా రోజూ రెండు మాత్రలు! ఎవరు రాశారమ్మా? పేరు కూడా రాయలేదు మీరు. అవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలైతే కిడ్నీలు దెబ్బతినొచ్చు, కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు. కిడ్నీ పాడవుతుంటే మొదట్లో నొప్పీ తెలియదు, వాపూ రాదు. ఈ వారంలోనే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), హిమోగ్లోబిన్, బీపీ చూపించండి. విరేచనం నల్లగా తారులా అవుతుంటే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. షాపులో కుర్రాడికి మీ అమ్మగారి కిడ్నీ సంగతి ఏం తెలుస్తుంది?

ఇక నొప్పి. అరుగుదల నొప్పి సాధారణంగా నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఎక్కువవుతుంది. వేలితో చూపించగలిగేంత ఒకేచోట ఉండి, చల్లదనానికి, చిన్న తాకిడికి ప్రాణం పోతుందంటే గ్లోమస్ ట్యూమర్‌ను అనుమానించాలి. ఒంటి వేడిని సర్దే సన్నటి రక్తనాళాల దగ్గర పుట్టే గడ్డ ఇది, తరచూ సెంటీమీటరు కూడా ఉండదు. ఎక్కువగా చేతి గోరు కింద వస్తుంది. మోకాలి దగ్గర అరుదు, అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ తట్టదు. ట్యూమర్ అనగానే టెన్షన్ వద్దు, దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. అయితే నరం మీద వచ్చే గడ్డలు కూడా ఇలాగే బాధిస్తాయి కాబట్టి, చూడకుండా ఇదేనని నేను చెప్పలేను.

ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి. జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఓపీ అయినా సరే. ఆయన పెన్ను కొనతో నొక్కి చూస్తారు, తొడకు బీపీ పట్టీ బిగించి నొప్పి తగ్గుతుందేమో చూస్తారు. ఎంఆర్ఐ రాస్తే నొప్పి ఉన్నచోట చర్మం మీద గుర్తు పెట్టి తీయమని అడగండి. లేకపోతే లిగమెంట్లు (కీలు ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) బాగున్నాయని రిపోర్టు ఇచ్చి పంపేస్తారు, గడ్డ అక్కడే ఉంటుంది. గ్లోమస్ అని తేలితే చిన్న ఆపరేషన్‌తో మొత్తం తీసేస్తారు, సాధారణంగా నొప్పి పోతుంది. ముక్క మిగిలితే మళ్లీ రావచ్చు. మోకాలి మార్పిడి మాట ఇప్పుడు అనవసరం.

వంకాయ తిననివ్వండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలతో పాటు ఆ మాత్రల స్ట్రిప్పు కూడా పట్టుకెళ్లండి.