రిసీవర్లు ఎక్కడ బిగించాలంటే

చి. సౌమ్యకు బాబాయి ఆశీస్సులు.

భవనంలో ఏ సామాను ఎక్కడుందో మ్యాపులో చూపించడానికి, సామానుకి అంటించిన ట్యాగుల (సిగ్నల్ పంపే చిన్న బిళ్లల) సిగ్నల్ అందుకునే రిసీవర్లను ఫ్లోర్ ప్లాన్ మీద పది మీటర్లకొకటి చొప్పున గళ్లు గీసి పెడతానని రాశావు. ఆ గళ్లు చెరిపెయ్యమ్మా. సిగ్నల్ అంతటా అందడం ఒక ఎత్తు, వస్తువు ఈ గదిలో ఉందా పక్క గదిలో ఉందా అన్నది తేలడం మరో ఎత్తు. నీకు కావలసింది రెండోది.

సామాను వెతికేవాళ్లని ముందు అడుగు: ఏ గదో తెలిస్తే చాలా, ఏ అరలో ఉందో కూడా కావాలా? గది చాలంటే బ్లూటూత్ ట్యాగులు, గదికో రిసీవరు. అర మీటరు లోపు తెలియాలంటే అల్ట్రా వైడ్‌బ్యాండ్, అంటే సిగ్నల్ ప్రయాణించే సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టే రేడియో. గుమ్మం దాటిందా లేదా అన్నదే ప్రశ్నయితే ద్వారం దగ్గర ఆర్‌ఎఫ్‌ఐడి రీడరు (దగ్గరగా వచ్చిన ట్యాగుని రేడియోతో చదివే పరికరం) చాలు. ఒకే భవనంలో మూడూ ఉండొచ్చు, తప్పేం లేదు.

బ్లూటూత్‌తో చిక్కంతా గోడల దగ్గరే. జిప్సం పార్టిషన్ 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని పెద్దగా ఆపదు. ఒకే గోడకి అటొకటి ఇటొకటి రిసీవర్లు బిగిస్తే ట్యాగు రెండింటికీ దాదాపు ఒకే బలంతో వినిపిస్తుంది. మ్యాపులో వస్తువు ఈ గదికీ ఆ గదికీ గెంతుతూనే ఉంటుంది. అందుకే పక్కపక్క గదుల రిసీవర్లను ఒకదానికొకటి వీలైనంత ఎడంగా, సామాను నిలిపే చోటికి దగ్గరగా పెట్టు. కారిడార్‌కి విడిగా ఒకటి ఉండి తీరాలి, లేకపోతే కారిడార్‌లో వదిలేసిన బండి పక్క గదిలో కనిపిస్తుంది. మెట్ల దగ్గర ట్యాగు పై అంతస్తు రిసీవరుకి కూడా వినబడుతుంది, అక్కడ రెండు అంతస్తుల్నీ కలిపి పరీక్షించు.

ఎత్తు రెండున్నర నుంచి మూడు మీటర్లు. మనిషి ఒళ్లు ఈ సిగ్నల్‌ని బాగా పీల్చుకుంటుంది కాబట్టి తలల కన్నా పైనుండాలి. చూపుకి అందంగా ఉంటుందని ఫాల్స్ సీలింగ్ పైన దాచమంటారు, ఒప్పుకోకు. అక్కడ ఏసీ డక్టుల రేకు సిగ్నల్‌ని చెదరగొడుతుంది. రేకుకి అర మీటరు, వైఫై యాక్సెస్ పాయింటుకి కనీసం ఒక మీటరు దూరం ఉంచు.

అల్ట్రా వైడ్‌బ్యాండ్‌లో నేల మీద చోటు చెప్పాలంటే ట్యాగుకి మూడు యాంకర్లయినా (ఈ పద్ధతిలో బిగించే రిసీవర్లని అలా అంటారు) నేరుగా కనబడాలి. నాలుగు పెట్టు, ఒకదానికి ఏదైనా అడ్డొచ్చినా పని ఆగదు. అన్నీ ఒకే గోడ వెంట వరసగా బిగించొద్దు: వస్తువు ఆ వరసకి ఇటువైపా అటువైపా అన్నది లెక్కకి అందదు. ఇనుప ర్యాకు అడ్డుంటే నేరు సిగ్నల్ బదులు ఎక్కడో తగిలి తిరిగొచ్చింది అందుతుంది, దూరం ఎక్కువగా లెక్కకొస్తుంది. ఎత్తయిన ర్యాకులున్న చోట హాలు మొత్తానికి కాక ఏ సందుకి ఆ సందు చూసుకోవాలి. యాంకర్ల స్థానాలు లేజర్ మీటరుతో కొలువు. ప్లాన్ కాగితం మీంచి తీసుకుంటే అందులోని తప్పు నేరుగా ఫలితంలోకి వస్తుంది.

కరెంటు నెట్‌వర్క్ కేబుల్లోనే ఇస్తావు కదా, దాని హద్దు 100 మీటర్లు. తిన్నగా కాదు, కేబుల్ ట్రేలు తిరిగే దారెంట కొలువు. ఆ కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ మొత్తం ఎన్ని వాట్లు ఇవ్వగలదో, రిసీవర్లన్నిటికీ కలిపి ఎన్ని కావాలో కూడా కూడి చూసుకో.

గోడకి రంధ్రం పెట్టే ముందు రిసీవర్లను స్టాండ్లకు తగిలించి చూడు. ట్యాగు చేత్తో పట్టుకు తిరిగితే ఏమీ తేలదు, అసలు వస్తువుకే అంటించాలి. లోహానికి ఆనించిన మామూలు ట్యాగు గొంతు పడిపోతుంది. అలాంటి వాటికి లోహం మీద పనిచేసే రకమే తెప్పించు. అనుమానమున్న గోడకి రెండు వైపులా, తలుపు తీసి ఒకసారి, వేసి ఒకసారి, జనం తిరిగే వేళలో పది నిమిషాలేసి ఉంచి ప్రతి రిసీవరుకి ట్యాగు సిగ్నల్ ఎంత బలంగా అందిందో ఆ అంకెలూ రాసుకో. కదలని ట్యాగు బలం కూడా ఐదారు డెసిబెల్స్ అటూ ఇటూ ఊగుతుంది. సరైన గదికీ పక్క గదికీ సగటున పది డెసిబెల్స్ తేడా రాకపోతే రిసీవరు జరుపు, జరిపినా రాకపోతే అప్పుడు ఇంకొకటి కలుపు.

ట్యాగు ఎన్ని సెకన్లకోసారి పలకాలన్నది కూడా అప్పుడే తేల్చు. సెకనుకోసారి అయితే సగటు త్వరగా కుదురుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. రోజుల తరబడి కదలని సామానుకి కదలిక సెన్సర్ ఉన్న ట్యాగు మేలు: కదిలినప్పుడే వెంటవెంటనే పలుకుతుంది.

స్విచ్‌లో నాలుగైదు పోర్టులు ఖాళీగా వదులు. ర్యాకులు జరిపినా, కొత్త పార్టిషన్ లేచినా ఆ పక్క గోడల దగ్గర మళ్లీ కొలవాలని నిర్వహించేవాళ్లకి రాతలో ఇవ్వు. నీ అంకెల కాగితం కూడా దానికి జత చెయ్యి.

— బాబాయి