పదవుల జాబితా చాలదు, తమ్ముడూ

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

జోసెఫ్ వూ మీద నువ్వు రాసిన వ్యాసం నిదానంగా చదివాను. మన పత్రికల్లో తైవాన్ అనగానే చిప్పులు, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ తప్ప మరో మాట వినపడదు. అలాంటిది ఆ దేశానికి ఆరేళ్లు విదేశాంగ మంత్రిగా ఉన్న ఒక ప్రొఫెసర్ గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించింది. నాకు చాలా సంతోషమేసింది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఇప్పుడున్న రూపంలో అది వ్యాసం కాదు, బయోడేటా.

1954లో పుట్టుక, 1989లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ డాక్టరేట్, చెంగ్‌చీ విశ్వవిద్యాలయంలో పరిశోధన, 2002లో అధ్యక్ష కార్యాలయం, 2004లో మెయిన్‌లాండ్ వ్యవహారాల మండలి, 2007లో వాషింగ్టన్, 2018లో విదేశాంగ శాఖ, 2024లో జాతీయ భద్రతా మండలి. తేదీల్లో తప్పు లేదు. కానీ ఒక్క పదవి దగ్గరైనా నువ్వు ఆగలేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు పొద్దున్నే ఏం చేయాలి, ఏం చేయడానికి వీల్లేదు అన్నది ఎక్కడా కనపడదు. తైవాన్ విషయంలో ఆ రెండోదే అసలు కథ.

వాషింగ్టన్ సంగతే తీసుకో. 'అమెరికాలో తైవాన్ రాయబారి' అని ఒక్క ముక్కలో దాటేశావు. ఆయన హోదా రాయబారి కాదు, ప్రతినిధి. 1979 జనవరి 1న అమెరికా తైపీతో, అంటే తైవాన్ ప్రభుత్వంతో, దౌత్య సంబంధాలు తెంచుకుని బీజింగ్‌ను గుర్తించింది. వాషింగ్టన్‌లో ట్విన్ ఓక్స్ అనే పాత బంగళా ఉంది. 1937 నుంచి రిపబ్లిక్ ఆఫ్ చైనా (ఇప్పుడు తైవాన్ అధికారిక పేరు అదే) రాయబారులు అందులోనే కాపురం ఉండేవారు. గుర్తింపు పోతోందని తెలియగానే, ఆ ఆస్తి బీజింగ్ చేతికి పోకుండా ఓ మిత్ర సంస్థకు 10 డాలర్లకు రాసిచ్చేశారు. 1982లో తిరిగి కొనుక్కున్నారు. ఇల్లు తైవాన్‌దే, అందులో విందులూ ఇచ్చుకోవచ్చు. ప్రతినిధి మాత్రం అక్కడ నివాసం ఉండడానికి లేదు. అతిథుల్ని సాగనంపి, తనూ మరో ఇంటికి వెళ్లిపోవాలి. దీని గురించి రాయి. దౌత్య గుర్తింపు అంటే ఏమిటో నువ్వు పేజీడు రాసినా ఇంత బాగా అర్థం కాదు.

2005 కూడా నువ్వు వదిలేసిన చోటే. చైనాతో వ్యవహారాలు చూసే మండలికి వూ అప్పుడు అధిపతి. జనవరి 29న, చాంద్రమాన కొత్త సంవత్సరం పండక్కి ఇళ్లకు వెళ్లేవాళ్ల కోసం చైనా, తైవాన్‌ల మధ్య చార్టర్ విమానాలు మొదలయ్యాయి. మధ్యలో ఎక్కడా దిగకుండా అలా నడపడం 1949 తర్వాత అదే మొదలు. నెలన్నర తిరిగేసరికి, మార్చి 14న, బీజింగ్ విభజన వ్యతిరేక చట్టం చేసింది. తైవాన్ విడిపోకుండా అవసరమైతే శాంతియుతం కాని మార్గాలూ వాడతామని అందులో రాసుకుంది. ఒకే బల్ల మీదికి ఈ రెండు ఫైళ్లూ వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టు, చాలు.

ఇక విదేశాంగ శాఖ. నువ్వు 'కొన్ని ఎదురుదెబ్బలు తగిలాయి' అన్నావు. ఆ మాట చదివి నాకు కష్టమనిపించింది. 2018 ఫిబ్రవరిలో ఆయన బాధ్యతలు తీసుకునేనాటికి తైవాన్‌ను గుర్తించిన దేశాలు 20. మే 1న డొమినికన్ రిపబ్లిక్ వెళ్లిపోయింది. మే 24న బుర్కినా ఫాసో. ఆ రోజు వూ రాజీనామా చేస్తానన్నారు, అధ్యక్షురాలు త్సాయ్ ఇంగ్-వెన్ ఒప్పుకోలేదు. ఆగస్టులో ఎల్ సాల్వడార్. మరుసటి ఏడు సెప్టెంబర్‌లో ఒకే వారంలో సోలమన్ దీవులు, కిరిబాటి. తర్వాత నికరాగువా, హోండురాస్. 2024లో అధ్యక్ష ఎన్నికలు ముగిసిన రెండు రోజులకే నౌరు. ఆయన దిగిపోయేనాటికి మిగిలినవి 12.

ఈ లెక్క చూసి ఆయన ఓడిపోయాడని రాసెయ్యకు. లెక్క దాచిపెట్టి పొగడనూ వద్దు. బీజింగ్‌తో సంబంధం కావాలంటే తైపీని వదులుకోవాల్సిందేనన్న షరతు మీద నడిచే ఆట అది, పైగా డబ్బు అవతలివైపే ఎక్కువ. రాయబార కార్యాలయాల లెక్కలో గెలవలేమని తెలిసే, ఆయన అధికారిక గుర్తింపు ఇవ్వని దేశాల ప్రజలతో, పత్రికలతో నేరుగా మాట్లాడే పని పెట్టుకున్నారని నాకనిపిస్తుంది. 2021లో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో, తైపీ అని కాకుండా తైవాన్ పేరుతోనే కార్యాలయం తెరుచుకుంది. 2020 అక్టోబర్ నీకు గుర్తుండాలి. తైవాన్‌ను దేశం అనొద్దని ఢిల్లీలోని చైనా ఎంబసీ మన విలేకరులకు ఉత్తరం రాస్తే, దానికి భారతీయ మిత్రులిచ్చే జవాబు 'గెట్ లాస్ట్' అనేనని వూ శాఖ ట్వీట్ చేసింది. మరుసటి ఏడాది బీజింగ్ ఆయన్ని 'మొండి వేర్పాటువాదుల' జాబితాలో చేర్చి, చైనా గడ్డ మీద అడుగుపెట్టకుండా నిషేధించింది. ఒకప్పుడు ఆ గడ్డకు విమానాలు నడిపించిన మండలికి అధిపతి ఆయనే.

ప్రొఫెసర్ అన్న సంగతిని మొదటి పేరాలోనే చెప్పి వదిలేయకు. తైవాన్‌లో 38 ఏళ్ల సైనిక శాసనం 1987లో ఎత్తేశారు. దేశం ప్రజాస్వామ్యం వైపు ఎలా మళ్లుతోందన్నదే ఆ రోజుల్లో ఆయన పరిశోధన. 2008లో ఆయన పార్టీ, డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ, అధికారం పోగొట్టుకున్నాక మళ్లీ చెంగ్‌చీకే వెళ్లారు. మంత్రిగా ఇచ్చిన ఇంటర్వ్యూలు చూడు. విదేశీ విలేకరి తెలియక అడిగిన ప్రశ్నకు కూడా విసుక్కోకుండా మొదటి నుంచీ వివరిస్తారు. అది తరగతి గదిలో అబ్బిన ఓపిక.

రెండో ప్రతిని మే 24 నుంచి మొదలుపెట్టు. పుట్టిన ఊరూ డిగ్రీలూ అవసరమైన చోట వాటంతటవే వస్తాయి. ప్రత్యర్థి పార్టీ కోమింటాంగ్ వాళ్లు ఆయన మీద చేసిన విమర్శలు కూడా చదివి, వాటికి చోటివ్వు. 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అన్న మాట కొట్టెయ్. నెలాఖరులోపు పంపితే చదివి, మార్జిన్‌లో గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను.

నీ శ్రేయోభిలాషి