తిండి మార్చాం, పొదుపు ఆగిపోయింది... మళ్లీ పాత పద్ధతికి వెళ్లాలా?

ప్రశ్న: మావారికి షుగరు బార్డర్‌లో ఉందని డాక్టరు చెప్పి నాలుగు నెలలైంది. అప్పటి నుంచి ఇంట్లో తిండి మార్చేశాను. తెల్ల బియ్యం బదులు ముడి బియ్యం, చక్కెర బదులు తేనె, మామూలు బ్రెడ్ బదులు మల్టీగ్రెయిన్, బిస్కెట్ల బదులు బాదం, చియా గింజలు. పొద్దున్నే కాఫీ మానేసి పళ్లరసం. సరుకుల బిల్లు ఇంతకుముందు 100 అనుకుంటే ఇప్పుడు 128కి చేరింది. రెండు నెలలుగా పొదుపు ఖాతాలో ఏమీ వేయలేకపోతున్నాను. పిల్లలిద్దరి చదువులు ముందున్నాయి. పాత తిండికే తిరిగి వెళ్లిపోవాలా?

జవాబు: వెళ్లకండి. మీరు మొదలుపెట్టిన పని సరైనదే. ఇంట్లో ఒకరి ఆరోగ్యం చెడితే అయ్యే ఖర్చు ముందు సరుకుల బిల్లు చాలా చిన్నది. అలాగని పొదుపు ఆగిపోవడాన్నీ నేను ఒప్పుకోను. రెండూ సాగే దారి మీ బిల్లులోనే ఉంది.

మీరు పంపిన పాత బిల్లును, కొత్త బిల్లును పక్కపక్కన పెట్టుకుని ఒక్కో వరుసా చదివాను. కొత్తదాంట్లో ముడి బియ్యం ఉంది. దాని కింది వరుసలోనే తెల్ల బియ్యం, దాదాపు పాత లెక్కే. తేనె సీసా ఉంది, చక్కెర తగ్గలేదు. బాదం ఉంది, బిస్కెట్ ప్యాకెట్లూ ఉన్నాయి. అంటే కొత్తవి వచ్చాయి గానీ పాతవి పోలేదు. మీవారికి ఒక గిన్నె, పిల్లలకు ఒక గిన్నె వండుతున్నారని నాకు అర్థమైంది. పిల్లలు ముడి బియ్యం అన్నం నమలలేక పక్కన పెడుతుంటే ఏ తల్లయినా అదే చేస్తుంది. కానీ బిల్లు పెరగడానికి మొదటి కారణం అదే. ముడి బియ్యం ముందే బాగా నానబెట్టి, తెల్ల బియ్యంతో కలిపి ఒకే గిన్నెలో వండండి. మొదట పావు వంతు, నెల తర్వాత సగం. ఇంటికంతా ఒకే వంట అయితేనే పాత సరుకు బిల్లులోంచి పోతుంది.

ఇక్కడే ఇంకో మాట. ముడి బియ్యం చవగ్గా వస్తోందని ఒకేసారి బస్తా కొనకండి. నేనూ ఆ పని చేశాను. నాలుగో నెలలో డబ్బా మూత తీస్తే పాత నూనె వాసన కొట్టింది. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఇది తెల్ల బియ్యంలా ఏళ్లతరబడి నిలవ ఉండదు. కిలోకు కాస్త ఎక్కువైనా నెలకు సరిపడానే కొనడం లాభం. పారబోసిన కిలోలకు కూడా డబ్బు కట్టామన్న సంగతి బిల్లులో కనపడదు.

రెండో కారణం తేనె, పళ్లరసం. వీటి విషయం గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఇవి మీ డబ్బునూ తింటున్నాయి, మీవారి షుగరుకూ సాయం చేయడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెనూ, పళ్లరసంలోని తీపినీ మామూలు చక్కెరతో కలిపే లెక్కగట్టింది. ఆ మొత్తం రోజువారీ కేలరీల్లో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని చెప్పింది. 5 శాతమంటే పెద్దవాళ్లకు సుమారు 25 గ్రాములు, ఆరు టీస్పూన్లు. పావు లీటరు నారింజ రసంలోనే 20 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. పైగా ఆ గ్లాసు నిండాలంటే మూడు నాలుగు పళ్లు పిండాలి, పీచంతా పిప్పిలో పోతుంది. అవే పళ్లు ఒలిచి తింటే ముగ్గురికి సరిపోతాయి. కాబట్టి రసం ఆపి పండు తినండి. తేనె సీసా అయిపోయాక మళ్లీ కొనకండి. దానికి బదులుగా ఏదీ తేవద్దు, చక్కెరనే నెలకు ఒక చెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి. చక్కెర వేయని కాఫీ మీవారికి ఆ రసం కంటే నయం.

బాదం మంచిదే. కానీ వంద గ్రాముల బాదంలో మాంసకృత్తులు సుమారు 21 గ్రాములైతే, వేరుశనగలో 25 దాకా ఉంటాయి. రెండింట్లోనూ ఉండే కొవ్వులో ఎక్కువ భాగం మంచిదే. ధర మాత్రం ఒకటి కాదు. ఇంట్లో ఎవరికైనా వేరుశనగ పడకపోతే తప్ప, ఉప్పు వేయకుండా వేయించిన పల్లీలు గుప్పెడు చాలు. చియా బదులు అవిసె గింజలు వాడొచ్చు, పొడి కొట్టి తినాలి, లేకపోతే నమలని గింజలు అలాగే బయటికి పోతాయి.

బ్రెడ్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. చాలా దేశాల్లో దినుసులను బరువు ప్రకారం, ఎక్కువది ముందుగా రాయాలన్న నియమం ఉంది. మొదటి పేరు మైదా అయితే ముందువైపు ఎన్ని ధాన్యాల బొమ్మలున్నా అది మైదా బ్రెడ్డే, ఎక్కువ ధర కట్టక్కర్లేదు.

ఏది కొనాలో తేలకపోతే నేను నా క్లయింట్లకు చెప్పే లెక్క ఒకటే: ప్యాకెట్ ధర చూడొద్దు, కిలో ధర చూడండి. మాంసకృత్తుల కోసం కొనేదైతే, ధరను అందులోని మాంసకృత్తుల గ్రాములతో భాగించండి. ఆ లెక్కలో ఎండు పప్పులు, చిక్కుళ్లు దాదాపు ఎప్పుడూ చవగ్గానే తేలతాయి. పైగా ఉడికాక రెండింతలకు పైగా బరువు తూగుతాయి.

ఇవన్నీ చేస్తే మీ బిల్లు నా అంచనాలో 108 దగ్గర ఆగుతుంది. 100కి రాదు, తెచ్చే ప్రయత్నమూ చేయకండి. ఆ 8 మీవారి ఆరోగ్యం కోసం పెట్టే ఖర్చు, బడ్జెట్‌లో దానికి సొంత వరుస ఇవ్వండి. ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండి వాటా తగ్గుతుందని ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే చూపించారు. జీతాలు పెరిగితే ఈ 8 ఇంత బరువుగా ఉండదు. మీవారు ఎంత తినాలి, మందులు కావాలా అన్నది మాత్రం డాక్టరే చెప్పాలి.

మిగిలే 20ని సరుకులు కొన్నాక పక్కన పెడదామనుకోకండి, మిగలదు. జీతం పడిన రోజే పొదుపు ఖాతాకు వెళ్లిపోయేలా బ్యాంకులో చెప్పి పెట్టండి. మీ ఇంటి ఖర్చుకు ఆరు నెలలకు సరిపడా డబ్బు చేరేవరకు అది అత్యవసర నిధికే వెళ్లాలి, చదువుల పొదుపు ఆ తర్వాత. ఆగిన రెండు నెలల మొత్తాన్ని ఒకేసారి పూడ్చాలని కంగారు పడొద్దు, వచ్చే పది నెలల్లో కొద్దికొద్దిగా కలుపుకోవచ్చు.