రోమన్ సేనాని ఎమిలియస్ పౌలస్ కన్నకొడుకుల్ని దత్తతకి ఎందుకిచ్చాడు?

"తిండికి లేక ఇచ్చాడా?" అని అడిగారు. లేదండీ. నలుగురు కొడుకులంటే ఆస్తి నాలుగు ముక్కలు, పైగా ఒక్కొక్కడి ఎన్నికల ఖర్చు వేరే. అందుకే విడాకులిచ్చిన మొదటి భార్య పపీరియా కొడుకుల్లో పెద్దవాణ్ని ఫేబియస్ వంశానికీ, చిన్నవాణ్ని స్కిపియో వంశానికీ ఇచ్చి, రెండో భార్య కొడుకులిద్దర్నీ ఇంట్లో ఉంచుకున్నాడు. చిన్నవాణ్ని తీసుకున్నది పౌలస్ సొంత మేనల్లుడే. మన వరసలో చెప్పాలంటే బావ నాన్నయ్యాడు, మేనత్త ఎమిలియా నాయనమ్మయింది!

మనకి దత్తహోమం ఉన్నట్టు వాళ్లకి త్రాసు, అంటే పిల్లాణ్ని అమ్మినట్టు చేసే ఓ తంతు. అయిదుగురు పౌరులు సాక్షులు, త్రాసు పట్టుకోడానికి ఇంకొకడు. కొనేవాడు కంచు ముక్కతో త్రాసుని తట్టి "వీడు నావాడు" అంటాడు. కొన్నాక విడిచిపెడితే పిల్లాడు మళ్లీ తండ్రి అధీనంలోకే వస్తాడు. ఇలా మూడుసార్లు అమ్మితేనే తండ్రి హక్కు తెగుతుంది; కూతురికైతే ఒక్కసారి చాలు. చిక్కంతా మూడో అమ్మకం దగ్గరే. అప్పుడు కూడా విడిచిపెట్టేశారా, పిల్లాడు స్వతంత్రుడైపోతాడు, ఈ పద్ధతిలో దత్తత కుదరదు. అందుకని విడిచిపెట్టకుండా ప్రీటర్ (న్యాయాధికారి) ముందుకి తీసుకెళ్తారు. దత్తత తీసుకునేవాడు "నా కొడుకు" అంటాడు, ఎవరూ కాదనరు, ప్రీటర్ సరేనంటాడు.

ఇక దత్తత వెళ్లిన ఆ చిన్నవాడి పేరు పబ్లియస్ కార్నీలియస్ స్కిపియో ఎమిలియానస్. చివరి ముక్క ఒక్కటే పుట్టింటి గుర్తు. దయచేసి ఇతన్ని దత్తత వల్ల తాతయిన స్కిపియో ఆఫ్రికానస్‌తో కలిపేయకండి. క్రీ.పూ. 202లో కార్థేజ్ సేనాని హానిబాల్‌ని ఓడించింది తాత, 146లో కార్థేజ్‌ని నేలమట్టం చేసింది ఈ మనవడు.

పౌలస్ లెక్క 167లో తిరగబడింది. మాసిడోనియా మీద గెలిచి మూడు రోజుల విజయోత్సవం చేసుకుంటుంటే, ఇంట్లో ఉంచుకున్న ఇద్దరిలో దానికి అయిదు రోజుల ముందు పద్నాలుగేళ్లవాడు, అయిన మూడు రోజులకి పన్నెండేళ్లవాడు పోయారు. రథం ముందు నడిచిన శత్రురాజు పెర్సియస్ పిల్లలు మాత్రం బతికే ఉన్నారు. ఇచ్చినవాళ్లేమో ఇప్పుడు వేరే వంశాలవాళ్లు. వీలునామాలో ఆస్తి రాయగలిగాడు గానీ, ఇంటిపేరు నిలిపేవాడు లేడు.

నన్నడిగితే ఈ కథలో అసలు నష్టపోయింది పపీరియా. చేతిలో డబ్బులేక, హోదాకి తగ్గట్టు తిరగలేక పండగలకి వెళ్లడమే మానేసింది. ఎమిలియా పోయాక ఆమె నగలు, బండి, పరివారం మనవడి హోదాలో స్కిపియోకి వచ్చాయి. అతను అన్నీ కన్నతల్లికి ఇచ్చేశాడు. తర్వాత ఊళ్లో జరిగిన బలిపూజకి పపీరియా అదే బండిలో, అవే కంచరగాడిదలతో వచ్చింది. బండిని గుర్తుపట్టిన ఆడవాళ్లు చేతులెత్తి ఆ కొడుకుని దీవించారు.