ఫ్రే ఆపరేషన్ తరువాత నొప్పి పోతుందా, షుగరు వస్తుందా?

మీ తమ్ముడికి క్లోమంలో (పాంక్రియాస్‌లో) రాళ్లని, క్లోమ నాళంలో రెండుసార్లు స్టెంటు, అంటే సన్నని గొట్టం, వేసినా నొప్పి తగ్గలేదని, ఇప్పుడు ఫ్రే ఆపరేషన్ చేయించమన్నారని రాశారు. నాకు అదే ఆపరేషన్ 2016లో ఇక్కడే, హైదరాబాదులో జరిగింది. నొప్పి పోయింది. షుగరు వచ్చింది.

అంతకు ముందు మూడేళ్లు నా రాత్రులన్నీ మోకాళ్లు పొట్టకు ముడుచుకుని మంచం మీద వంగి కూర్చోవడంలోనే గడిచాయి. మలక్‌పేట నుంచి అర్ధరాత్రి ఆటోలో ఎమర్జెన్సీకి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. కోతంటే భయపడి స్టెంట్లు మార్పించుకుంటూ, ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చాను. అది నా పొరపాటే. 2020లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, 88 మంది రోగుల్లో ముందుగానే సర్జరీకి వెళ్లినవారికి, మొదట మందులు, ఎండోస్కోపీతో ఆగినవారికంటే ఏడాదిన్నర కాలంలో నొప్పి తక్కువగా ఉంది. నొప్పి ఏళ్ల తరబడి సాగితే నరాలే నొప్పిని పంపడానికి అలవాటు పడిపోతాయని, అప్పుడు నాళాన్ని బాగుచేసినా కొంత మిగలవచ్చని మా సర్జన్ ముందే హెచ్చరించారు. నాకు ట్రమడాల్ మానడానికే ఆరు నెలలు పట్టింది.

ఈ ఆపరేషనులో క్లోమం తలభాగాన్ని కొంత తొలిచి, నాళాన్ని పొడవునా తెరిచి, రాళ్లు తీసి, దానికి చిన్నపేగును కలిపి కుడతారు. రసానికి దారి దొరుకుతుంది కానీ గట్టిపడిపోయిన గ్రంథి మళ్లీ మెత్తబడదు. అందుకే ఆపరేషన్ బాగా జరిగినా తరువాతి ఏళ్లలో షుగరు రావచ్చు. నాకు నాలుగో ఏట వచ్చింది. ఈ రకం షుగరులో ఇన్సులిన్‌తో పాటు, రక్తంలో చక్కెరను పెంచే గ్లూకగాన్ హార్మోను కూడా తగ్గుతుంది కాబట్టి, ఇన్సులిన్ తీసుకునేవారికి చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. నా జేబులో గ్లూకోజ్ లేకుండా గడప దాటను.

మలం జిడ్డుగా నీళ్లపై తేలుతున్నా, బరువు తగ్గుతున్నా, తిన్నది అరగడానికి ఎంజైమ్ క్యాప్సూళ్లు కావాలి. వాటిని పరగడుపున మింగితే వృథా. మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో మరొకటి వేసుకోవాలి. పెళ్లిలో బిర్యానీ ముందు క్యాప్సూల్ తీస్తే పక్కవాళ్లు గ్యాస్ మాత్ర అనుకుంటారు. అనుకోనివ్వండి. డి విటమిన్, ఎముకల పరీక్షల గురించి మాత్రం మీరే గుర్తుచేసి అడగాలి.

సర్జన్‌ను అడగాల్సినవి: నాళం ఎంత వెడల్పుంది, తలభాగం ఉబ్బిందా, అక్కడ క్యాన్సర్ అనుమానం లేదని తేల్చారా, ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు. మీ తమ్ముడు సిగరెట్టు, మందు తాగుతారో లేదో మీరు రాయలేదు. తాగుతుంటే ఆపరేషన్ తేదీ కంటే ముందు ఆ రెండూ మాన్పించండి.